మోకుల మరియమ్మకు రెండో వరద

అది రెండు వరదలొచ్చిన ఏడు. మా లెక్కలో ఏడంటే చలికాలపు వరద నుంచి చలికాలపు వరదకి.

మొదటి వరద సంగతి రోమ్‌లో ఎవర్నడిగినా చెబుతారు. క్రిస్మస్ వెళ్లిన మూడో రోజు తిబెర్ నది గట్టు దాటి ఊళ్లోకొచ్చింది. వీధుల్లో పడవలు తిరిగాయి. రొట్టెలు కిటికీల్లోంచి అందుకున్నారు. రెండో వరద అయిదు నెలల తర్వాత, మే నెలలో, మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చింది. అది ఊరి మీదికి రాలేదు. నది ఒడ్డున రీపా పేటలో ఒకే ఒక్క గోడ మీదికి వచ్చింది. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

ఆ గోడ మోకుల మరియమ్మ చర్చిది. చిన్న చర్చి. పడవలవాళ్లది. ముందు గోడ ఇటుక మీద సున్నపు పూత, దానికో తలుపు, పైన ఒక గుండ్రటి కిటికీ, అంతే. మరియమ్మకు ఆ పేరు ఎందుకొచ్చిందో పేటలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. అది చర్చి కాకముందు గుడి. ఏ దేవుడిదో ఇప్పుడెవరికీ తెలియదు. రేవు దేవుడని కొందరు, ఉప్పు బేరగాళ్ల దేవుడని కొందరు. ఆ దేవుడి విగ్రహాన్ని ఎప్పుడో బట్టీలో వేసి సున్నం చేశారు. రోమ్‌లో చాలామంది దేవుళ్లు అలాగే పోయారు. తర్వాత స్తంభాల మధ్య ఇటుక కట్టి చర్చి చేశారు. ఆ తర్వాత ఒక దొర తన మేడకి స్తంభాలు కావాలని వాటికి మోకులు కట్టి ఎద్దుల చేత లాగించాడట. మోకులన్నీ పటపటా తెగిపోయాయట. మరియమ్మ ఒప్పుకోలేదు.

"మరి ఆ స్తంభాలేవీ?" అని ఎవరైనా అడిగితే ముసలివాళ్లు గోడ చూపించేవాళ్లు.

"గోడ లోపలున్నాయి."

"చూశారా?"

"నీ పేగుల్ని నువ్వు చూశావా? లేవంటావా?"

అదీ సంగతి. చూసినవాడు ఒక్కడూ లేడు.

సెత్తీమియో మేస్త్రీ కూడా చూడలేదు, ఆ గోడకి తన చేత్తో నాలుగుసార్లు పూత పూసినవాడే అయినా. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. చేతులు పెద్దవి, మాటలు చిన్నవి. రోజుకి పది మాటలాడితే ఎక్కువ. "మేస్త్రీ నోరు తెరిచాడంటే ఏదో కూలిందన్నమాటే" అని పేటలో నవ్వుకునేవాళ్లు. వరద వచ్చిన ప్రతిసారీ మా ఊళ్లో రాతి మీద ఒక చెయ్యి చెక్కుతారు. వేలు చాపి ఉంటుంది. నీళ్లు ఇంతవరకు వచ్చాయని ఆ వేలు చూపిస్తుంది. రీపాలో ఉన్న చేతుల్లో సగం సెత్తీమియో చెక్కినవే. మాట బదులు చెయ్యి. ఆయనకది బాగా కుదిరింది.

ఆయన ఇంటిపేరు ప్రొయెత్తి. అమ్మానాన్నలు వదిలేసిన పిల్లలకి మా ఊళ్లో పెట్టే పేరది. ఎప్పుడో ఒక తెల్లవారుజామున మోకుల మరియమ్మ తలుపు పక్కన, గోడ మూలలో, చేపలబుట్టలో దొరికాడు. గంట కొట్టే ముసలాయన పెంచాడు. తల్లి పేరు తెలియదు, ఊరు తెలియదు, పుట్టిన రోజు తెలియదు. తెలిసిందల్లా ఆ మూల. నువ్వెక్కడివాడివి అంటే చూపించడానికి ఆయనకున్నది ఆ నాలుగు జానల చోటే.

ఇప్పుడు దాన్నే కూలుస్తామన్నారు.

వరద పోయాక కొత్త ప్రభుత్వం నదికి రెండు పక్కలా ఎత్తైన రాతిగోడలు కడతామంది. ఉత్తరాది నుంచి గవొత్తి అని ఒక ఇంజనీరు వచ్చాడు. మేకులు పాతి తాడు లాగాడు. తాడు ఎవరి ఇంటి మీంచి పోతే ఆ ఇంటికి ఎర్రరంగుతో శిలువ గీశారు. తాడు మోకుల మరియమ్మ నడుం మీంచి పోయింది. తలుపు పక్కన ఎర్ర శిలువ పడింది. జూన్ చివర సెయింట్ పీటర్ పండగ అయిన మర్నాడు గునపాలు వేస్తామని చెప్పిపోయారు.

పేటలో ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు తిట్టారు. సెత్తీమియో ఏడవలేదు, తిట్టలేదు. వరదకి బీటలు తీసి పొట్ట ముందుకొచ్చిన గోడకి మూడు దూలాలు ఆనించి, పడిపోకుండా నిలబెట్టాడు. కూల్చబోయే గోడకి ఆసరా ఎందుకని ఒకడు అడిగాడు. ఆయన మూడో దూలం ఇంకాస్త బిగించాడు.

ఈస్టర్ వారంలో ఒక పొద్దున ఆ దూలాలు బిగించడానికి వెళ్లాడు. ఎండ ఏటవాలుగా గోడ మీద పడుతోంది. సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

గోడ మీద చారలున్నాయి. కింద నుంచి పైకి, నిలువుగా, నాలుగు తెల్లటి చారలు. చారకీ చారకీ మధ్య నల్లటి తడి. మిగతావాళ్లకి అవి వరద మరకలు. ఆయన దగ్గరికెళ్లి అరచెయ్యి పెట్టాడు. తెల్లచార పొడిగా, వెచ్చగా ఉంది. పక్కన నలుపు చల్లగా, చెమ్మగా ఉంది. మళ్లీ చార. మళ్లీ చెమ్మ.

ఇటుక తాగుతుంది, రాయి తాగదు. తాపీ పట్టిన మొదటి రోజు నేర్పే పాఠమది. పూత వేసేముందు గోడకి నీళ్లు కొడతారు. ఇటుకకైతే కడుపునిండా పట్టాలి, లేదంటే పూతలో తడంతా అదే పీల్చేస్తుంది. రాయికి నీళ్లు కొట్టినా దండగే. వరదలో ఆ గోడ అయిదు రోజులు మునిగింది. ఇటుక తాగింది, ఇంకా కక్కుతోంది. తాగనిదేదో ఆరిపోయి తెల్లగా నిలబడింది. నాలుగు చోట్ల. సమానమైన దూరంలో.

సెత్తీమియో పరుగెత్తడం పేటలో ఎవరూ చూసి ఉండరు. ఆవేళ చూశారు. సుత్తి చేతిలోనే ఉంది. ఎవర్నో చంపడానికి పోతున్నాడనుకుని ఇద్దరు వెనకాల పడ్డారు. ఆయన తిన్నగా ఫాదర్ కల్లిస్తో ఇంట్లోకి దూరి తలుపేసుకున్నాడు.

"ఉన్నాయి," అన్నాడు.

లావుపాటి ఫాదర్ ముక్కుపొడుం చేత్తో పట్టుకుని, "ఏవి?" అన్నాడు.

"స్తంభాలు."

ఫాదర్ తుమ్మడం మర్చిపోయాడు.

చెప్పాల్సింది చెప్పాక సెత్తీమియో, "ఎవరికీ చెప్పకండి," అన్నాడు. "పాతరాళ్ల బేరగాళ్లు వింటే గోడ తవ్వుకుపోతారు."

ఫాదర్ మంచి మాటకారి. అయినా ఆ మాట కడుపులో దాచుకున్నాడు. అదే కొంప ముంచింది.

ఆయన ఇంజనీరు కచేరీ చుట్టూ ఆరు వారాలు తిరిగాడు. చివరికి గవొత్తి ఒప్పుకున్నాడు. "గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తాను. నిజంగా పాతగుడి అయితే నేను కూల్చను, గీత వంచుతాను. కానీ నాకు మాట కాదు, స్తంభం కావాలి. ఇంకోమాట. ఆ గోడ మీద ఇనుము పడకూడదు. ఒక్క ఉలి దెబ్బకి మొత్తం ముందుకి కూలి మనుషులు పోతారు." సెత్తీమియోకి ఆ మాట ఆయన చెప్పక్కర్లేదు.

అయినా భయమేముంది? ఉలితో పని లేదు. చెమ్మ ఆరినా గోడ మీద ఇటుక ఉన్నచోటల్లా ఉప్పు తేలి పసుప్పచ్చ మరకలు కట్టింది, రాయి ఉన్నచోట శుభ్రంగా ఉంది. కళ్లున్నవాడెవడైనా చూడొచ్చు. సెత్తీమియో నిశ్చింతగా మంగళ, బుధవారాలు ఊరి బయట ద్రాక్షతోటలో నేలమాళిగ పనికి వెళ్లాడు. రాత్రి అక్కడే పడుకున్నాడు.

మంగళవారం ప్రార్థనలో ఫాదర్ ఒక్క మాట అన్నాడు. "గురువారం మన చర్చి చూడటానికి పెద్దమనిషొకడు వస్తున్నాడు." అంతే అన్నాడు. అని, పాతపత్రాలేమైనా దొరుకుతాయేమోనని బిషప్ గారి కచేరీకి వెళ్లి గురువారం దాకా అక్కడే ఉండిపోయాడు.

మా పేటలో ఒక అలవాటుంది. వచ్చేది పెళ్లివారైనా పోలీసైనా, ముందు గుమ్మానికి సున్నం పడాలి. ఇంట్లో తిండి లేకపోయినా ఫరవాలేదు, గోడకి మరక ఉండకూడదు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి సెత్తీమియో వంతెన దాటి మలుపు తిరిగాడు. నోట్లో పచ్చి చిక్కుడు గింజ ఉంది. నమలడం ఆగిపోయింది.

మోకుల మరియమ్మ మెరిసిపోతోంది. మొదటిసారి చర్చిలో దివ్యసత్ప్రసాదం తీసుకునే ఆడపిల్ల గౌనులాగా, తెల్లగా, మచ్చ లేకుండా. ముందు పదిహేనుమంది ఆడవాళ్లు మోచేతుల దాకా సున్నంతో నిలబడి ఉన్నారు. వాళ్లకి నాయకురాలు అస్సుంతా. ఎదురింటి విధవరాలు, రేవులో ఉడికించిన పేగులు అమ్ముతుంది. గొంతు ఒడ్డు నుంచి ఒడ్డుకి వినిపిస్తుంది.

"వచ్చావా మేస్త్రీ! ఎలా ఉంది? రెండు రోజులు, నిద్ర లేదు. నువ్వు పూసినదానికన్నా బాగుందా లేదా, నిజం చెప్పు!"

సెత్తీమియో నోరు తెరిచాడు. మాట రాలేదు.

"చూశారే, సంతోషంతో గొంతు పూడుకుపోయింది," అంది అస్సుంతా.

"ఎన్ని పూతలు?"

"మూడు! ఎర్ర శిలువ మీద నాలుగు. ఆ పాడు మరకలు ఒకంతట పోతేనా? గీకాం, కడిగాం, మళ్లీ పూశాం."

పడవలు కట్టే రాతి మీద సెత్తీమియో కూలబడ్డాడు. టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. కడకి చెప్పాడు. "ఆ మరకల్లో స్తంభాలున్నాయి. ఇంజనీరు వాటిని చూడ్డానికే వస్తున్నాడు. చూస్తే చర్చి ఉంటుంది. చూడకపోతే పోతుంది."

ఒకామె చేతిలో బ్రష్షు జారి కింద పడింది.

"ఎప్పుడు చూశావు?" అంది అస్సుంతా. గొంతు చాలా మెల్లగా ఉంది. అది మరీ భయం.

"ఈస్టర్ వారంలో."

"ఈస్టర్ వారంలో చూసి ఇవాళా చెప్పడం! నీ నోరేమన్నా దొరగారి ఖజానానా, తాళం వేసుకుని తిరగడానికి? ఒక్క మాట! 'ఆడవాళ్లూ, గోడ జోలికి పోకండి.' ఇంతే కదా! నీ సొమ్మేం పోయేది?"

"పాతరాళ్ల దొంగలు..."

"దొంగలా! దొంగలు నాలుగు రాళ్లు పట్టుకుపోయేవాళ్లు. మేం మొత్తం చర్చినే పూడ్చేశాం, మా చేతుల్తో, పాటలు పాడుకుంటూ!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం ఎటు పోవాలో తెలియలేదు. బ్రష్షులు కడిగిన నీళ్ల బాల్చీ అక్కడుంది. ఎత్తి, ఉన్న నీళ్లన్నీ గోడకేసి కొట్టింది. తర్వాత బాల్చీని కూడా విసిరింది. అత్త మీద కోపం దుత్త మీద.

సెత్తీమియో తల దించుకుని ఉన్నాడు. ఆ మూల కనిపిస్తోంది, తలుపు పక్కన, నాలుగు జానల చోటు. నెల తిరిగేసరికి అక్కడ గాలి ఉంటుంది. చెయ్యి చాపి చూపించడానికి కూడా ఏమీ ఉండదు.

అప్పుడు తల ఎత్తాడు. నీళ్లు పడినచోట గోడ బూడిదరంగుకి తిరిగింది. ఎండ చుర్రుమంటోంది. చూస్తుండగానే ఆ తడిలో ఒక పక్క, నాకేసినట్టు, తెల్లబడిపోయింది. పక్కది తెల్లబడలేదు. తడిగా, నల్లగా అలాగే ఉంది. రెండింటి మధ్య గీత నిట్టనిలువుగా, తాడు పట్టినట్టుగా ఉంది.

ఇటుక తాగుతుంది.

ఆయన లేచాడు.

"నీళ్లు," అన్నాడు.

"తాగుతావా?" అని ఎవరో చెంబు అందించబోయారు.

"నేను కాదు. గోడ." ఇంక ఆయన గొంతు ఆగలేదు. అరవయ్యేళ్లుగా లోపల పేరుకున్నదంతా ఒక్కసారి తెగినట్టు వచ్చింది. "గోడకి నీళ్లు కావాలి! పైనుంచి కింది దాకా! బాల్చీలు, కుండలు, గంగాళాలు, ఏముంటే అవి! పడవల ఒరేస్తేని పిలవండి, పడవలవాళ్లనందర్నీ పిలవండి! నది నుంచి ఇక్కడిదాకా వరసకట్టండి! నలుగురు కప్పు మీదికెక్కండి, చూరు అంచు నుంచి పొయ్యండి! గోడ మొత్తం తడవాలి, ఒక్క వేలెడు చోటు పొడిగా ఉండకూడదు! ఇంజనీరు వచ్చేసరికి అది ఆరుతుండాలి! రండి! కదలండి!"

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. అన్ని మాటలు ఆయన ఏడాదికి కూడా మాట్లాడడు.

"విన్నారా లేదా!" అని అస్సుంతా అరిచింది. "మూగవాడికి మాటొచ్చింది, అద్భుతం అయిపోయింది, ఇంకా నిలబడ్డారేం!"

ఇక చూడాలి రీపా పేటని. పడవల ఒరేస్తే ఆరడుగుల మనిషి, నీళ్లు తోడే దొప్పలు చంకలో పెట్టుకుని తన ముఠాతో పరుగెత్తుకొచ్చాడు. రేవు మెట్ల నుంచి చర్చి దాకా బారు తీరారు. రొట్టెలామె పిండి తొట్టి తెచ్చింది. మంగలి తన ఇత్తడి పళ్లెం తెచ్చాడు. అస్సుంతా పేగులుడికే కాగు ఎత్తుకొచ్చింది, అందులోంచి పోసిన నీళ్ల వాసనకి పిల్లులు గోడ దగ్గరికి చేరాయి. వైను కొట్టువాడు ఖాళీ పీపాలు దొర్లించుకొచ్చాడు.

"తిబెర్ నీళ్లు పట్టిస్తున్నావా నీ పీపాల్లో?" అన్నాడు ఒరేస్తే. "వాటికేం కొత్త కాదులే!"

"పొయ్యరా, పొయ్యి! సాయంత్రం నా కొట్టుకే వస్తావుగా!"

కప్పు మీది నుంచి నీళ్లు జలజలా పడుతున్నాయి. కింద నుంచి బాల్చీలు. పైవాళ్లకి గురి లేదు, కిందివాళ్లకి ఓపిక లేదు, అందరూ గోడతో సమానంగా తడిశారు. ఫాదర్ కల్లిస్తో ఉత్త చేతులతో బిషప్ కచేరీ నుంచి తిరిగొచ్చాడు. పత్రాలేమీ దొరకలేదు. ముందు తెల్లటి గోడ చూసి గుండె పట్టుకున్నాడు, తర్వాత నీళ్లు చూసి తల పట్టుకున్నాడు, సంగతి విని అంగీ పైకి దోపుకుని వరసలో నిలబడ్డాడు.

సెత్తీమియో మధ్యలో నిలబడి చేతులు ఊపుతున్నాడు. "ఎడమ పక్క! ఇంకా! పైన, కిటికీ దగ్గర! దూలాలకి తగలకుండా!" ముందే ఆపితే ఇంజనీరు వచ్చేసరికి అంతా ఆరిపోతుంది. ఆలస్యంగా ఆపితే ఆయనకి తడిగోడ తప్ప ఇంకేమీ కనపడదు. రొట్టె పొయ్యిలోంచి తీసే గడియలాంటిదది.

ఉత్తరాదివాళ్లకి ఒక రోగముంది, చెప్పిన వేళకంటే ముందే వస్తారు. ఇంకా ఒంటిగంట కాలేదు, గవొత్తి మలుపు తిరిగి వచ్చాడు. నల్లకోటు, కళ్లద్దాలు, చేతిలో కొలబద్ద. అదే క్షణాన మంగలి పళ్లెం గురి తప్పింది.

అందరూ ఆగిపోయారు. ఇంజనీరు గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు. "వరద తగ్గి అయిదు నెలలైంది."

"అలవాటైపోయిందయ్యా," అంది అస్సుంతా. "బెంగగా ఉంటే మేమే పోసుకుంటున్నాం."

ఒరేస్తే పకాలున నవ్వి నోరు మూసుకున్నాడు. ఇంజనీరు నవ్వలేదు. "స్తంభాలు చూపిస్తానని ఫాదర్ గారు మాటిచ్చారు. నాకు కనిపిస్తున్నది కొత్తగా సున్నం వేసిన గోడ. పైగా తడిసిన గోడ. ఏవండీ స్తంభాలు?"

సెత్తీమియో ముందుకొచ్చాడు. "చాలు! ఆపండి!" అని పైకి కేకేశాడు. ఇంజనీరు వైపు తిరిగి, "కాసేపు ఆగాలి," అన్నాడు.

"ఎంతసేపు?"

"జపమాల ఒకసారి తిప్పినంతసేపు."

గవొత్తి జేబు గడియారం తీశాడు. ఆడవాళ్లు ఆ మాట పట్టుకుని అక్కడే తడిగుడ్డలతో మోకరించి జపమాల మొదలుపెట్టారు. ఒకరి మీద ఒకరు పడుతూ, ఊపిరి తీయకుండా.

"మెల్లగా!" అన్నాడు ఫాదర్. "మీరు పరుగెత్తితే గోడ తొందరగా ఆరదు!"

గోడ బూడిదరంగులో నిలబడి ఉంది. అంతా ఒకటే బూడిద. మొదటి పది జపాలు అయ్యాయి. ఏమీ లేదు. సెత్తీమియో గోడ దగ్గరికి రెండడుగులు వేశాడు. ఇందాక చూసింది ఒక్క చారే. అది ఏ పాత అతుకో అయితే? ఈస్టర్ వారంలో చూసింది ముసలికళ్ల భ్రమ అయితే? ఊరందర్నీ తడిపి, నవ్వులపాలు చేసి...

ఇరవై జపాలు అయ్యాయి. ఇంజనీరు గడియారం మూత టక్కున మూశాడు.

"అదిగో!" అని కప్పు మీంచి ఎవరో అరిచారు.

కిటికీకి ఎడమపక్క ఒక తెల్లటి మరక, అరచేయంత. అది పాకింది. కిందికి, పైకి, పక్కకి. పక్కకి పాకుతూ పాకుతూ ఒకచోట గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయింది. కుడిపక్క ఇంకో తెలుపు. అదీ ఆగిపోయింది. మధ్యలో నలుపు నిలబడింది. జపం ఆగిపోయింది. ఒకటి. దాని అవతల రెండోది. తలుపుకి అటు మూడోది. గోడ కొసన నాలుగోది. నేల నుంచి చూరు దాకా, నల్లగా, తడిగా మెరుస్తూ, నాలుగు. చీకటి గదిలోంచి నలుగురు మనుషులు గుమ్మంలోకొచ్చి నిలబడ్డట్టుంది.

"నల్లవి!" అని అస్సుంతా అరిచింది. "అప్పుడు తెల్ల చారలే కదా మేస్త్రీ! తిరగబడ్డాయేం!"

సెత్తీమియో నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు. "అప్పుడు ఇటుక కడుపునిండి ఉంది. ఇవాళ దాహంతో ఉంది. తాగనిది మాత్రం అప్పుడూ తాగలేదు, ఇప్పుడూ తాగలేదు."

గవొత్తి కదిలాడు. ముందు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. నీటిగుంటల్లో బూట్లు వేసుకుని గోడ దగ్గరికెళ్లి కొలబద్ద పెట్టాడు. మొదటి చార నుంచి రెండోదానికి. రెండు నుంచి మూడుకి. "సమానం," అన్నాడు. గొంతు మారింది. "సమానం! కానీ ఇటుక గోడలో రాతి దిమ్మెలు కూడా ఉండొచ్చు కదా. నాకు..." మాట మధ్యలో ఆపి నిచ్చెన అడిగాడు. నిచ్చెన గోడకి ఆనించకుండా నలుగురు పట్టుకున్నారు. ఎక్కాడు. కింద చార వెడల్పు ముందే కొలుచుకున్నాడు, ఇప్పుడు పైన కొలిచాడు. "మేస్త్రీ గారూ! కింద మూడు జానలు, పైన రెండున్నర! పైకి పోయేకొద్దీ సన్నబడే దిమ్మె ఎవరైనా కడతారా?"

"ఎవరూ కట్టరు."

"అయితే?"

"సన్నబడేది స్తంభమే."

"స్తంభమే!" అని ఇంజనీరు నిచ్చెన మీంచి అరిచాడు. టోపీ కింద పడింది, పట్టించుకోలేదు. అప్పుడే చూశాడు. "ఇదేమిటి? రెండో స్తంభం మెడ దగ్గర?"

అందరూ చూశారు. రెండో నల్లచార పైభాగాన, అడ్డంగా, ఏటవాలుగా ఒక సన్నటి తెల్లగీత. మెడకి కట్టిన దారంలా ఉంది. సెత్తీమియో కళ్లు చిట్లించి చూశాడు.

"రాతిలో గాడి," అన్నాడు. "తర్వాత సున్నంతో పూడ్చారు. పూడ్చింది తాగుతోంది, తెల్లబడింది."

"గాడి ఎందుకు?"

"మోకు," అన్నాడు. "జారకుండా పట్టడానికి గాడి కొట్టి కడతారు."

అస్సుంతా "మోకు!" అంది. ఒరేస్తే "మోకు!" అన్నాడు. ఇంక పేటంతా అదే కేక. కప్పు మీదివాళ్లు ఒకరినొకరు కావలించుకున్నారు, ఒకడు జారి చూరు పట్టుకుని వేలాడాడు. ఫాదర్ తాడు దగ్గరికెళ్లి గంట ఎడాపెడా మోగించాడు. అది మధ్యాహ్నపు గంటో పండగ గంటో ఎవరికీ తెలియలేదు. తాతల తాతలు చెప్పినవన్నీ కట్టుకథలనుకున్నవాళ్లు ఛాతీ చరుచుకుని ఏడ్చారు.

గవొత్తి దిగాడు. తడి జుట్టు నుదుటి మీద పడి ఉంది. పదేళ్లు తగ్గినట్టున్నాడు. "ఎర్ర శిలువ ఎక్కడ? నేనే చెరపాలి."

"దానికి నాలుగు పూతలు పడ్డాయయ్యా," అంది అస్సుంతా.

"అయితే ఆ పని మీరు ముందే చేశారు." వంగి, తలుపు ముందు పాతిన మేకుని రెండు చేతుల్తో పట్టుకుని లాగాడు. రాలేదు. ఒరేస్తే సాయం పట్టాడు. వచ్చింది. "గీత నదివైపు వంచుతాను. పాతకట్టడాల కచేరీకి నా చేత్తో రాస్తాను. ఇవి చూసినవాడు ఎవడూ కూల్చమనడు." ఆయన సెత్తీమియో వైపు చెయ్యి చాపాడు. "మీ పేరు?"

"సెత్తీమియో ప్రొయెత్తి."

ఆ ఇంటిపేరు విని ఇంజనీరు ఒకసారి ఆయన మొహంలోకి చూశాడు. "ఎక్కడ దొరికారు?"

సెత్తీమియో చెయ్యి ఎత్తి వేలు చాపాడు. తలుపు పక్కన మూలలో, మూడో స్తంభం మొదట్లో. అరవయ్యేళ్ల కింద చేపలబుట్ట ఆనించింది ఉత్త గోడకి కాదని ఆయనకీ అప్పుడే తెలిసింది.

సాయంత్రం దాకా వీధిలో బల్లలు వేశారు. పచ్చి చిక్కుళ్లు, గొర్రెపాల చీజు, అస్సుంతా పేగులు, వైను. వైనులో తిబెర్ రుచి ఉందని అందరూ అన్నారు, ఎవరూ వదల్లేదు. సెత్తీమియో మళ్లీ ఎప్పటిలాగే అయిపోయాడు. ఎవరేమడిగినా తలే ఊపాడు.

మర్నాడు పొద్దున ఒక పాలరాతి పలక చంకలో పెట్టుకుని, ఉలి, సుత్తి, నిచ్చెన తీసుకుని వచ్చాడు. చర్చి గోడ జోలికి పోలేదు. ఎదురుగా అస్సుంతా ఇంటికి నిచ్చెన వేశాడు. కింద నుంచి వరసలో పాత వరదల చేతులున్నాయి. క్రిస్మస్ వరద చెయ్యి అన్నిటికన్నా పైన ఉంది, రెండు నిలువుల ఎత్తున. ఆయన దాన్ని దాటి పైకెక్కాడు. ఇంకా పైకెక్కాడు.

"ఏయ్ మేస్త్రీ! తెల్లారకుండా నా చూరు దగ్గరేం పని?" అని అస్సుంతా కిటికీలోంచి తల బయటపెట్టింది.

ఆయన నిన్న నీళ్లు పోసిన ఎదుటి చర్చి చూరుకి సరిసమానంగా చూసుకుని పలక బిగించాడు. వేలు చాపిన చెయ్యి ఒకటి చెక్కాడు. అక్షరాలు చెక్కలేదు. దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, ద్రాక్షతోటలో మిగిలిన పనికి పోయాడు.